చెవులు నాలుగు, నోరు ఒకటి: ఘాట్ రోడ్డు మీద సెల్‌ఫోన్ మోడెమ్

అలిపిరిలో తనిఖీ ముగించుకుని బస్సు కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. మూడో నాలుగో మలుపు తిరిగేసరికి ఎవరో ఒకరు ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుని గొంతు పెంచుతారు. "హలో... నువ్వు మాట్లాడేది బాగా ఇనపడతా ఉంది. నా మాట ఇనపడతా ఉందా?" ఇవతల అంతా స్పష్టంగా ఉంది, తెర మీద సిగ్నల్ గీతలు కూడా రెండో మూడో ఉన్నాయి. అవతలి మనిషికి మాత్రం సగం మాటలు మింగేసినట్టు చేరుతున్నాయి. కాసేపటికి కాల్ కట్. సిగ్నల్ ఉండి కూడా ఇదేం రోగమని ఫోన్‌నో, కంపెనీనో తిట్టుకోవడం తప్ప ఏం చేయాలో తోచదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సిగ్నల్ గీతలు వినికిడిని మాత్రమే చూపిస్తాయి. టవర్ మాట ఫోన్‌కు ఎంత బలంగా అందుతోందన్నదే వాటి లెక్క. ఫోన్ మాట టవర్‌కు అందుతోందా లేదా అన్నది ఆ గీతల్లో ఎక్కడా ఉండదు. టవర్ చేతిలో పదుల వాట్ల శక్తి ఉంటుంది, దానికి కరెంటు లైను ఉంటుంది, జనరేటర్ ఉంటుంది. 4జీ ఫోన్ ఎంత గట్టిగా అరిచినా 0.2 వాట్లు దాటకూడదు, అదీ జేబులో పట్టే బ్యాటరీ మీద. టవర్ యాంటెన్నాలు పెద్దవి, వాటి వినికిడి కూడా చాలా చురుకైనది కాబట్టి ఈ తేడా కొంత పూడుతుంది. అయినా దూరం పెరిగేకొద్దీ ముందుగా చేతులెత్తేసేది ఎక్కువగా ఫోన్ గొంతే. మన మాటను రేడియో తరంగంగా మార్చి పంపే, వచ్చిన తరంగాన్ని మళ్లీ మాటగా మార్చే మోడెమ్ అనే చిన్న యంత్రాంగం ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే ఈ రెండు దిక్కుల తేడా దగ్గరే మొదలుపెట్టాలి.

మొదట అంకెలు చూద్దాం. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్‌కు అందే టవర్ తరంగం శక్తి వాట్‌లో పది లక్షల కోట్ల వంతు దాకా పడిపోతుంది. ఇంజనీర్లు దీన్ని మైనస్ 100 డీబీఎం అంటారు. ఆ స్థితిలోనూ ఫోన్ హాయిగా మాట వినగలదు. అదే క్షణంలో అదే ఫోన్ తన గొంతును 0.2 వాట్లతో బయటికి పంపుతూ ఉంటుంది. అంటే తాను అరిచే అరుపు తాను వినాల్సిన గుసగుస కంటే రెండు లక్షల కోట్ల రెట్లు పెద్దది. బ్రహ్మోత్సవాల్లో లక్షల గొంతులు ఒక్కసారిగా "గోవిందా" అన్నప్పుడు, తానూ గొంతెత్తి అరుస్తూనే మాడవీధి అవతలి కొసన ఉన్న చంటిబిడ్డ ఏడుపును గుర్తుపట్టినట్టు. అలా చెప్పినా అసలు తేడాకు ఆ పోలిక చాలదు.

మాట బయలుదేరే దారి ఇలా ఉంటుంది. మైకులో పడిన గొంతు ముందు అంకెలుగా మారుతుంది. 4జీ కాల్‌లో ఆ అంకెలను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా, అంటే సెకనుకు 50 ముక్కలుగా కట్టలు కడతారు. దారిలో కొన్ని చెడిపోయినా మిగతావాటిని బట్టి సరిదిద్దుకోవడానికి వీలుగా ప్రతి కట్టకూ అదనపు అంకెలు కలుపుతారు. ఇదంతా చేసేది మోడెమ్ మెదడైన బేస్‌బ్యాండ్ ప్రాసెసర్. ఆండ్రాయిడ్ నడిపే ప్రధాన ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా దానికి సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, మిల్లీసెకన్ల లెక్కన దాని పని సాగిపోతుంది. తెర హ్యాంగ్ అయిపోయినా కొన్నిసార్లు కాల్ తెగకుండా సాగేది అందుకే.

ఆ అంకెలు తరంగం మీదికి ఎక్కే పద్ధతి ముగ్గు చుక్కల లాంటిది. రేడియో తరంగంలో మార్చగలిగినవి ముఖ్యంగా రెండు: ఎత్తు, అది మొదలయ్యే క్షణం. ఈ రెండూ కలిసి ఒక్కో చుక్క చోటును నిర్ణయిస్తాయనుకుంటే ఇంటి ముందు వేసిన చుక్కల వరుసలు కళ్ల ముందు కనపడతాయి. 4 వరుసలు, వరుసకు 4 చుక్కలు పెడితే 16. ఒక్కో చుక్క నాలుగు బిట్లను, అంటే సున్నానో ఒకటో అయిన నాలుగు అంకెలను మోస్తుంది. 8 వరుసలు 8 చుక్కలైతే 64, ఒక్కో చుక్కకు ఆరు బిట్లు. 16 వరుసలు 16 చుక్కలైతే 256, ఎనిమిది బిట్లు. ఫోన్ ఒక చుక్క మీద వేలు పెడుతుంది, టవర్ అది ఏ చుక్కో గుర్తుపట్టాలి. సిగ్నల్ శుభ్రంగా ఉంటే 256 చుక్కల ముగ్గు వేసుకోవచ్చు, డేటా పరుగులు తీస్తుంది. గాలికి ముగ్గుపిండి చెదిరితే దగ్గర దగ్గరగా ఉన్న చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు టవర్ చుక్కలు తగ్గించి, నాలుగంటే నాలుగే దూరం దూరంగా పెట్టమంటుంది. ఫోన్ పాతదీ కాదు, ప్యాక్ అయిపోనూ లేదు, అయినా ఘాట్ రోడ్డులో వీడియో తిరుగుతూ ఉండిపోవడం వెనక ఉన్నది ఎక్కువగా ఈ చుక్కల తగ్గింపే.

ఈ ముగ్గు కూడా ఒక్కటి కాదు. 4జీలో 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న దారిని 15 కిలోహెర్ట్జ్ చొప్పున 1200 సన్నని పాయలుగా చీలుస్తారు. ఒక్కో పాయ మీదా ఒక ముగ్గు నడుస్తుంది. టవర్ ఈ పాయలన్నింటినీ కలిపి ఒక్కసారిగా పంపేస్తుంది. ఫోన్ అలా పంపితే కష్టం. వందల పాయలు అప్పుడప్పుడూ ఒకే క్షణంలో పైకి లేచి తరంగంలో పెద్ద పెద్ద శిఖరాలు తెస్తాయి. వాటిని చెదరకుండా పంపాలంటే తరంగానికి బలం పెంచే పవర్ యాంప్లిఫయర్‌ను ఎప్పుడూ ఆ శిఖరాలకు సరిపడా సిద్ధంగా ఉంచాలి, బ్యాటరీ ఇట్టే ఊడ్చుకుపోతుంది. అందుకే 4జీ రూపకర్తలు ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే దారిలో శిఖరాలు తక్కువగా వచ్చే వేరే అమరిక పెట్టారు. ఫోన్ నోరు చిన్నదని ఒప్పుకుని దానికి తగ్గట్టు భాషనే మార్చడం, ఈ రంగంలో జరిగిన తెలివైన పనుల్లో ఒకటి.

పవర్ యాంప్లిఫయర్‌ను రిపేరు షాపుల్లో పీఏ ఐసీ అంటారు. గాలియం ఆర్సెనైడ్‌తో చేసిన గోరంత చిప్ అది. మోడెమ్‌లో ఎక్కువ కరెంటు తాగేదీ, ఎక్కువ వేడెక్కేదీ అదే. దాని గొంతు ఎప్పుడూ ఒకేలా ఉండదు. టవర్ పక్కనే ఉన్న ఫోన్ వాట్‌లో కోటో వంతు శక్తితో కూడా పని కానిచ్చేస్తుంది. టవర్ దూరమయ్యేకొద్దీ "ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా" అని టవరే పురమాయిస్తుంది. అట్టడుగు గొంతుకూ పైస్థాయి గొంతుకూ మధ్య ఇరవై లక్షల రెట్ల తేడా ఉంటుంది. బస్టాండులో 80 శాతం ఉన్న చార్జింగ్ కొండ మీదికి చేరేసరికి అనుకున్నదానికంటే ఎక్కువ దిగిపోవడానికీ, కాల్‌లో ఉన్న ఫోన్ వెనకభాగం చేతికి వెచ్చగా తగలడానికీ ఇదొక పెద్ద కారణం. 42 డిగ్రీల మే నెల ఎండలో కిటికీ పక్కన అదే పని చేయిస్తే మరీ కష్టం. వేడి హద్దు దాటితే మోడెమ్ తనంతట తానే గొంతు తగ్గించుకుంటుంది, 5జీని వదిలేస్తుంది. సరిగ్గా గట్టిగా అరవాల్సిన చోటే గొంతు తగ్గుతుందన్నమాట.

ఇక అసలు అద్భుతానికి వద్దాం. ఇంత అరుపు మధ్య అంత చిన్న గుసగుసను ఫోన్ ఎలా వింటోంది?

ఈ ప్రశ్నకు ఒక పాత జవాబు తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో, గాదంకిలో నేల మీద పరిచి ఉంది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలోని ఎంఎస్‌టీ రాడార్ అది. 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే 1024 యాగీ యాంటెన్నాలు, 32 వరుసల్లో వరుసకు 32 చొప్పున, 130 మీటర్ల పొడవూ అంతే వెడల్పూ ఉన్న మైదానంలో నిలబడి ఉంటాయి. ఇళ్ల మీద పాత టీవీ యాంటెన్నాలు గుర్తున్నవాళ్లకు వాటి ఆకారం వెంటనే తెలిసిపోతుంది. ఆ రాడార్ మెగావాట్ల లెక్కన శక్తితో ఆకాశంలోకి ఒక తరంగపు దెబ్బ కొడుతుంది. ఎక్కడో పైన గాలి పొరల్లో కలిగే చిన్న చిన్న సుడులకు తగిలి వెనక్కి వచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనిని వింటుంది. కొట్టేటప్పుడు వినదు, వినేటప్పుడు కొట్టదు. అరుపు ఆపి చెవి పెట్టడమే దాని ఉపాయం.

సెల్‌ఫోన్ కూడా కొన్ని బ్యాండ్లలో, అంటే కొన్ని ఫ్రీక్వెన్సీ పట్టీల్లో, సరిగ్గా అదే చేస్తుంది. మన దేశంలో 2300 మెగాహెర్ట్జ్ 4జీ, 3300 మెగాహెర్ట్జ్ పైన నడిచే 5జీ ఈ వంతులవారీ పద్ధతివే. మిల్లీసెకన్ల లెక్కన కాసేపు మాట, కాసేపు వినికిడి. కానీ 850, 900, 1800, 2100 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో 4జీ ఫోన్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒకే యాంటెన్నా మీద ఒకే క్షణంలో మాట్లాడాలి, వినాలి కూడా. 1800 బ్యాండునే తీసుకుంటే ఫోన్ 1710 నుంచి 1785 మధ్య మాట్లాడుతుంది, 1805 నుంచి 1880 మధ్య వింటుంది. మధ్యలో ఖాళీ 20 మెగాహెర్ట్జ్ మాత్రమే. యాంటెన్నా మొదట్లో కూర్చునే డూప్లెక్సర్ అనే ముక్క ఈ రెండింటినీ విడదీసి, సొంత అరుపులో లక్షో వంతుకు మించి వినే దారిలోకి రాకుండా కాపలా కాస్తుంది.

ఆ డూప్లెక్సర్‌ను భూతద్దం కింద చూస్తే నువ్వుగింజ కంటే పెద్దదేమీ కాదు. రేడియో తరంగాన్ని అంత చిన్న జాగాలో వడకట్టడం మామూలుగా కుదరదు, 1800 మెగాహెర్ట్జ్ తరంగం పొడవే దాదాపు 17 సెంటీమీటర్లు. అందుకని విద్యుత్ కంపనాన్ని లిథియం టాంటలేట్ లాంటి స్ఫటికం మీద శబ్ద తరంగంగా మార్చేస్తారు. ఆ స్ఫటికం ఉపరితలం మీద కంపనం సెకనుకు సుమారు నాలుగు కిలోమీటర్ల వేగంతోనే నడుస్తుంది. రేడియో తరంగం వేగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు. వేగం అంత తగ్గేసరికి తరంగం పొడవు కూడా 17 సెంటీమీటర్ల నుంచి రెండు మైక్రాన్ల దాకా, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు రెండింతల దాకా కుంచించుకుపోతుంది. దువ్వెన పళ్లలాంటి సన్నని లోహపు గీతలు ఆ పొడవుకు తగ్గట్టు అమర్చితే కావలసిన కంపనాలే దాటుతాయి, మిగతావి అక్కడే ఆగిపోతాయి. మళ్లీ చివర శబ్దాన్ని విద్యుత్తుగా మారుస్తారు. ఇంకొన్ని బ్యాండ్లలో కంపనం ఉపరితలం మీద కాక పదార్థం లోపల్నుంచి నడిచే రకం వాడతారు. రోజూ చేతిలో ఉండే ఫోన్‌లో ప్రతి కాల్ కాసేపు ఒక రాయి మీద శబ్దమై నడిచి వస్తోందన్న సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా పాతబడదు. వేడికి ఆ స్ఫటికం స్వభావం కొద్దిగా మారి వడపోత హద్దులు పక్కకు జరుగుతాయి. 20 మెగాహెర్ట్జ్ ఖాళీలో ఆ కొద్ది జరుగుడుకు కూడా ముందే చోటు విడిచిపెట్టాలి.

వినే దారిలో వడపోత తర్వాత సన్న శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్, తరంగం ఫ్రీక్వెన్సీని కిందికి దించే మిక్సర్, దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్ వరుసగా ఉంటాయి. వాటిని కదలకుండా నిలబెట్టేది గడియారం. ఫోన్‌లోని చిన్న క్వార్ట్జ్ స్ఫటికం సొంతంగా అంత నమ్మకమైనది కాదు, చలికీ ఎండకూ తప్పటడుగులు వేస్తుంది. మోడెమ్ టవర్ గడియారాన్ని వింటూ తన దాన్ని కోటిలో ఒక వంతు తేడా లోపల సరిచేసుకుంటూనే ఉంటుంది. 1800 మెగాహెర్ట్జ్‌లో అంటే 180 హెర్ట్జ్ తేడా.

చెవుల సంగతికి వస్తే, మామూలు 4జీ ఫోన్ కనీసం రెండు యాంటెన్నాలతో వింటుంది. 3300 మెగాహెర్ట్జ్ పైన 5జీకి నాలుగు. మాట్లాడేది మాత్రం సాధారణంగా ఒక్కదానితోనే. ఫోన్ లోహపు అంచు మీద అక్కడక్కడా సన్నని ప్లాస్టిక్ గీతలు కనిపిస్తాయి కదా, అవి అందం కోసం పెట్టినవి కావు. అంచును యాంటెన్నా ముక్కలుగా విడదీసే గీతలవి. 850 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం దాదాపు 9 సెంటీమీటర్లు, ఫోన్ పొడవులో సగానికి పైనే. ఆ ముక్కను అరచేతితో కప్పేస్తే మాట్లాడే ఒక్క నోటినీ మూసినట్టే. వినడానికి ఇంకో చెవి ఉంది, మాట్లాడటానికి ఇంకో నోరు లేదు. బస్సులో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్‌ను అడుగున గట్టిగా పిడికిట పట్టిన మనిషికి గీతలు తగ్గకుండానే మాట తెగిపోవడంలో ఈ పట్టు పాత్ర కూడా ఉండొచ్చు. రెండు వేళ్లతో పట్టుకుని చూడటం ఖర్చులేని ప్రయోగం.

మెట్ల దారిలో కథ ఇంకో రకం. గాలిగోపురం దగ్గర ఆగి వెనక్కి తిరిగితే రాత్రిపూట తిరుపతి అంతా దీపాల పళ్లెంలా కనిపిస్తుంది. కంటికి కనిపించినన్ని టవర్లు ఫోన్‌కు కూడా వినిపిస్తాయి. గీతలు నిండుగా ఉంటాయి, ఫోటో పంపబోతే మాత్రం కదలదు. ఊళ్లో ఇళ్లు, మేడలు ఒక టవర్‌ను ఇంకో టవర్ నుంచి మరుగుపరుస్తాయి, టవర్ల మీది యాంటెన్నాలు కూడా వీధుల వైపు కాస్త కిందికి వంగి ఉంటాయి. కొండ మీద ఆ మరుగు లేదు. 4జీలో పక్కపక్క టవర్లన్నీ ఒకే ఫ్రీక్వెన్సీని వాడుకుంటాయి కాబట్టి డజను టవర్లు ఒకే గొంతుతో ఒకేసారి మాట్లాడినట్టవుతుంది. ముగ్గు చుక్కలన్నీ చెదిరిపోతాయి. శబ్దం బలం వేరు, శబ్దం శుభ్రత వేరు. గీతలు ముఖ్యంగా బలాన్ని బట్టే పెరుగుతాయి. అదే ఫోన్‌తో నాలుగడుగులు వేసి ఒక బండరాయి చాటుకు వెళితే గీతలు తగ్గి డేటా వేగం పెరగడం కూడా జరుగుతుంది. అనుభవం లేనివాళ్లు నమ్మరు గానీ లెక్కకు పూర్తిగా నిలిచే విషయం.

కొండరాళ్లు అన్నివేళలా శత్రువులు కావు. తరంగం నేరుగానూ వస్తుంది, బండలకు కొట్టుకుని కాస్త ఆలస్యంగానూ వస్తుంది. 4జీలో తరంగంగా పంపే ప్రతి చిన్న ముక్కకూ ముందు 4.7 మైక్రోసెకన్ల జాగా వదిలిపెడతారు. అంటే దారుల తేడా 1.4 కిలోమీటర్ల దాకా ఉన్న ప్రతిధ్వనులను మోడెమ్ కలుపుకుని వాడుకోగలదు. శేషాచలం లోయల్లో టవర్ నేరుగా కనపడని మలుపుల్లోనూ మాట అందుతోందంటే ఎదుటి కొండ చరియ ఇచ్చిన ప్రతిధ్వనే చాలాసార్లు ఆసరా.

అసలు దెబ్బ పడేది మలుపు తిరిగే క్షణంలో. ఫోన్ తన టవర్‌తో పాటు పక్క టవర్లనూ కొలుస్తూ "ఆ టవర్ నాకు బాగా వినిపిస్తోంది" అని చెబుతుంటుంది. చెప్పాక పాత టవర్ "అయితే అక్కడికి మారు" అని ఆదేశం ఇవ్వాలి. మైదానంలో ఇది తీరిగ్గా జరిగిపోతుంది. ఘాట్ రోడ్డులో బస్సు బండ వెనక్కి తిరగగానే పాత టవర్ గోడ కట్టినట్టు మాయమవుతుంది. కొలత పంపే లోపే దారి తెగితే ఆదేశం రాదు. ఫోన్ కాసేపు ఎదురుచూసి, దారి పోయిందని తేల్చుకుని, కొత్త టవర్‌ను వెతికి మొదటినుంచీ పలకరించుకోవాలి. "హలో... హలో..." వినిపించేది ఆ సందులోనే.

పలకరింపుకూ ఒక మర్యాద ఉంది. అన్ని ఫోన్ల మాటలూ టవర్ దగ్గరికి ఒకే తాళంలో చేరాలి. 5 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫోన్ మాట చేరడానికి దాదాపు 17 మైక్రోసెకన్లు పడుతుంది. టవర్ మాట ఫోన్‌కు రావడానికీ అంతే ఆలస్యం. అందుకని ఆ ఫోన్ 33 మైక్రోసెకన్లు ముందుగానే మొదలుపెట్టాలి. ఎంత ముందుగానో టవరే కొలిచి చెబుతుంది, 4జీలో 78 మీటర్లకు ఒక మెట్టు చొప్పున. ఈ కొలత జరగాలంటే ముందు ఫోన్ ఒక చిన్న కేక వేయాలి. ఒక్కో అవకాశంలో వేయగల కేకలు 64 రకాలు మాత్రమే. గరుడసేవ రాత్రి గ్యాలరీల్లో లక్షల మంది ఉంటారు. వాహనం కనపడగానే వేల ఫోన్లు ఒకేసారి నిద్రలేస్తాయి. రెండు ఫోన్లు ఒకే రకం కేక వేస్తే ఢీకొంటాయి, రెండూ ఆగి మళ్లీ ప్రయత్నించాలి. టవర్ ఎదురుగానే ఉంటుంది, గీతలు నిండుగానే ఉంటాయి, కాల్ మాత్రం పోదు. వినడానికి ఎంతమందైనా వినొచ్చు, మాట్లాడటానికే వంతు దొరకదు. అలాంటి చోట ఫోన్‌ను ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేస్తే అన్ని కొత్త కేకలు అదే గుంపులో చేరతాయి. పిల్లవాడు తప్పిపోయాడన్న టెన్షన్‌లో ఉన్నప్పుడు ఇది గుర్తుండటం కష్టమే. చిన్న మెసేజ్ పంపి వదిలేస్తే, వంతు దొరికిన క్షణంలో ఫోనే దాన్ని పంపించే అవకాశం ఎక్కువ.

ఈ రెండు దిక్కుల తేడాను బల్ల మీద చూడాలంటే సెల్ రిపేరు షాపుకు వెళ్లాలి. నెట్‌వర్క్ రావట్లేదని ఫోన్ వస్తే పని తెలిసిన మెకానిక్ విప్పకముందే స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడతాడు. 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబర్, రాకపోతే, సెట్టింగ్స్‌లో బేస్‌బ్యాండ్ వెర్షన్ దగ్గర "అన్‌నోన్" అని ఉంటే, దెబ్బ తగిలింది మోడెమ్ మెదడుకు. నంబర్ సరిగ్గా వస్తే నెట్‌వర్క్‌లను చేత్తో వెతికిస్తాడు. కంపెనీల పేర్లన్నీ వరుసగా కనిపించి, దేన్ని నొక్కినా ఫోన్ అందులో చేరలేకపోతే చెవులు బాగున్నట్టు, నోరు పోయినట్టు. అనుమానం పీఏ ఐసీ మీదికి వెళుతుంది. పేర్లే కనిపించకపోతే యాంటెన్నా దారి చూడాలి. బోర్డు పై కొస నుంచి కింది కొసకు దారం లాంటి ఒక నల్లని వైరు వెళుతుంది, రెండు కొసల్లో బియ్యపుగింజంత టిచ్ బటన్లు. ఫోన్ కిందపడినప్పుడు ఒక బటన్ ఊడి పక్కకు జరిగి ఉంటుంది. పట్టకారుతో సరిగ్గా పెట్టి గోటితో నొక్కితే టిక్కుమంటుంది, తెర మీద గీతలు లేచి నిలబడతాయి.

2జీ రోజుల్లో ఫోన్ నోటి మాట నేరుగా చెవికి వినపడేది. టీవీ పక్కనో, టేప్ రికార్డర్ పక్కనో పెట్టిన ఫోన్ మోగడానికి ఒకటి రెండు సెకన్ల ముందే స్పీకర్‌లో టకటకమని గరగర వచ్చేది. టవర్ పిలిచింది, ఫోన్ "ఉన్నాను" అని జవాబిస్తోంది, ఆ జవాబు సెకనుకు 217 సార్లు విడివిడి దెబ్బలుగా, అప్పట్లో 2 వాట్ల దాకా శక్తితో వెళుతోంది. ఆ దెబ్బలే స్పీకర్ తీగల్లో దూరేవి. మోగడానికి ముందే ఫోన్ మాట్లాడి ఉంటుందన్నది అలా ఇంటింటికీ తెలిసింది.

తిరుమలలో దర్శనానికి వెళ్లేవాళ్లు ఫోన్లు కౌంటర్లో అప్పగిస్తారు. ఆఫ్ చేయకుండా ఇచ్చిన ఫోన్ సంచిలో నిద్రపోతూనే, సెకనో రెండు సెకన్లో గడిచినప్పుడల్లా కొన్ని మిల్లీసెకన్లు కళ్లు తెరిచి "నన్నెవరైనా పిలిచారా" అని విని మళ్లీ పడుకుంటుంది. గంటకు అటూ ఇటూగా ఒక్కసారి నోరు విప్పి తానున్నానని టవర్‌కు చెబుతుంది. ఆఫ్ చేసి ఇచ్చిన ఫోన్ ఏమీ చేయదు. గంటల తర్వాత లడ్డూ సంచి ఒక చేత్తో, టోకెన్ ఒక చేత్తో పట్టుకుని వచ్చి ఫోన్ తీసుకుని బటన్ నొక్కగానే మోడెమ్ తనకు తెలిసిన బ్యాండ్లన్నీ ఒక్కొక్కటిగా వెతుకుతుంది. 5 మిల్లీసెకన్లకోసారి టవర్ వేసే గుర్తు తాళాన్ని పట్టుకుంటుంది, 504 గుర్తుల్లో ఆ టవర్‌ది ఏదో పోల్చుకుంటుంది, గడియారం సరిచేసుకుంటుంది, 64 కేకల్లో ఒకటి ఎంచుకుని మెల్లగా మొదలుపెట్టి, జవాబు రాకపోతే ఇంకాస్త గట్టిగా వేస్తుంది. టవర్ దూరం కొలిచి చెబుతుంది. సిమ్ తన రహస్య సంఖ్యను బయటపెట్టకుండానే తానెవరో రుజువు చేసుకుంటుంది. చెప్పుల కోసం వెతుక్కునే లోపు ఇదంతా అయిపోయి, ఇంటి దగ్గర్నుంచి ఎప్పుడో పంపిన మెసేజ్ వచ్చి పడుతుంది: "దర్శనం అయిందా?"